‘కిలో 15 రూపాయలకే చేపల మేత’ మెసేజ్: లెక్క ఎక్కడ తప్పింది?

రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. తవుడు, అజొల్లా (నీళ్ళ మీద తేలుతూ పెరిగే చిన్న ఫెర్న్ మొక్క), ఇంట్లో మిగిలిన అన్నం, కోడి వ్యర్థాలు కలిపి ముద్దలు చేసి ఎండబెట్టాలట. కిలో 15 రూపాయలే పడుతుందట, నీళ్ళ మీద తేలే కంపెనీ గుళికలకు, అదే తేలుడు మేతకు, ఏమాత్రం తీసిపోదట, ఆరు నెలల్లో ఏ చేపైనా కిలో తూగుతుందట. నాకు నలుగురు పంపారు. సొంత మేత వద్దనేవాణ్ణి కాదు. అర ఎకరం చెరువుకు నేనూ ఇంటి దగ్గరే కలుపుకుంటాను. ఒళ్ళు మండింది కూడా అందుకే.

ముందు ఆ 15 రూపాయల సంగతి. మేత కిలో ఎంత అన్నది సగం లెక్కే. చేప ఒక కిలో పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందన్నది మిగతా సగం. ఉదాహరణకి 15 రూపాయల మేత ఆరు కిలోలు పోస్తే గానీ చేప కిలో పెరగలేదనుకోండి, 90 రూపాయలైంది. 45 రూపాయల మేత 1.6 కిలోలతోనే ఆ పని అయిపోతే 72 రూపాయలు. ఏది చవక?

తవుడుతో ఇలా ఎందుకవుతుందంటే, అందులో మాంసకృత్తులు 12 నుంచి 14 శాతమే. పెరిగే బొచ్చె, శీలావతి చేపలకు మేతలో 25 నుంచి 30 శాతం కావాలి, చిన్న చేపపిల్లలకు ఇంకా ఎక్కువ. ఆ లోటు తీర్చేది 40 శాతం పైగా మాంసకృత్తులుండే వేరుశనగ చెక్క, అంటే గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి. తవుడులో 14, చెక్కలో 42 శాతం ఉన్నాయనుకుని సగం సగం కలిపితే సరిగ్గా 28 వస్తుంది. ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో నూనె తీసిన తవుడు, చెక్క కలిపి, అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, కర్రలకు వేలాడదీయడం ఎప్పటినుంచో ఉన్నదే. చేప వచ్చి చిల్లుల్లోంచి పొడుచుకు తింటుంది, మేత నీళ్ళలో చెదిరిపోదు. మెసేజ్‌లో చెక్క ఊసే లేదు. అది కలిపితే 15 రూపాయల మాట నిలబడదు మరి!

అజొల్లా మంచిదే. ఎండిన అజొల్లాలో 20 నుంచి 25 శాతం మాంసకృత్తులుంటాయి. కానీ పచ్చిదానిలో 93 నుంచి 95 శాతం నీళ్ళే. పది కిలోలు దేవి తెస్తే ఎండాక అర కిలో నుంచి 700 గ్రాములు మిగులుతుంది, అందులో మాంసకృత్తులు 175 గ్రాములు దాటవు. గడ్డిచేపకు పచ్చిగానే వేయొచ్చు, ఇష్టంగా తింటుంది. మిగతావాటికి అది పక్క కూరలాంటిది, అన్నం కాదు.

కోడి వ్యర్థాల గురించి ఎక్కువ రాయను. కుళ్ళుతాయి, నీళ్ళు పాడవుతాయి, రోగాలొస్తాయి. వాటితో పెంచిన చేపని మీ పిల్లలకి వండిపెడతారా? మిగిలిన అన్నం పిండిపదార్థమే, అదీ పులిస్తే నీళ్ళకే చేటు.

తేలుడు మేతతో సమానమన్నది ఇంకో మాట. మేత తేలాలంటే ఎక్కువ ఒత్తిడి, వేడి మీద పిండిని ఉబ్బించే యంత్రం కావాలి. కీమా మిషన్‌లో తిప్పిన గుళికలు మునుగుతాయి. మునిగితే తప్పేం లేదు, ఎర్రమోసు చేప ఎలాగూ అడుగునే తింటుంది. తొట్టెలో పెట్టి దింపితే ఎంత మిగిలిందో కూడా తెలుస్తుంది. చూడాల్సింది గుళిక విడిపోకుండా ఉంటుందా అని. నూకల గంజో, కర్రపెండలం పిండో ఉడికించి కలిపితే పట్టు వస్తుంది. గ్లాసు నీళ్ళలో వేసి పావుగంట చూడండి. అప్పటికే పిండి పిండి అయిందంటే మీ డబ్బులూ అలాగే కరుగుతాయి.

మెసేజ్‌లో అసలు లేనిది బూజు. ఒక వానాకాలం మా షెడ్డులో రెండు బస్తాల చెక్క చెమ్మ పట్టింది. ఎండబెట్టి వాడేద్దామన్నాడు మా తమ్ముడు. వద్దని పారబోయించాను, ఇప్పటికీ దెప్పుతుంటాడు. బూజు పట్టిన వేరుశనగ చెక్కలో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం ఉడికించినా ఎండబెట్టినా పూర్తిగా పోదు, చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పచ్చి సోయా గింజలైతే వేయించో ఉడికించో వాడాలి, లేకపోతే అరగవు. నూనె తీయని తవుడు త్వరగా ముక్కిపోతుంది కాబట్టి నెలల తరబడి నిల్వ పెట్టకూడదు.

ఇక ఆరు నెలల్లో కిలో. ఏ సైజు చేపపిల్లతో మొదలుపెట్టారన్నది చెప్పకుండా ఆ మాటకు అర్థం లేదు. 100, 150 గ్రాముల పిల్ల వదిలినవాళ్ళ ఫలితం చూసి వేలెడంత పిల్ల వదిలితే నిరాశే. మేత ఎక్కువ పోసినంత మాత్రాన పెరుగుదల రాదు. అర కిలో చేపలు 200 ఉన్నాయంటే మొత్తం బరువు 100 కిలోలు, దాంట్లో రెండు మూడు శాతం, అంటే రోజుకి రెండు మూడు కిలోల మేత చాలు. ఆ పైన వేసింది అడుగున కుళ్ళి, ఉన్న ఆక్సిజన్‌నీ లాగేస్తుంది. మబ్బు పట్టిన రోజు నీళ్ళలో ఆక్సిజన్ ఎలాగూ తక్కువే, అందుకే ఆ రోజు నేను అసలు మేత వేయను. తెల్లారేసరికి చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలే టెన్షన్ ఉండదు. పైగా ఆ రోజు నా మేత ఖర్చు 15 రూపాయలు కూడా కాదు, సున్నా.