దేవుడి గూట్లో మైనస్ 92

మొన్న మంగళవారం మా వీధి తవ్వారు. బెంగళూరులో వీధి తవ్వడం వార్త కాదు, తవ్వకపోతే వార్త. కొత్తగా నీళ్ళ పైపు వేయడానికి తవ్వారో, పోయినసారి వేసిన పైపు ఎక్కడుందో వెతకడానికి తవ్వారో తెలీదు గానీ, జేసీబీ పంటికి తగిలి మా ఇంటర్నెట్ కేబుల్ తెగింది. నాది ఇంట్లోంచి చేసే ఉద్యోగం. పదకొండింటికి హైదరాబాద్ ఆఫీసు నుంచి మేనేజరు కాల్ ఉంది. మా ఆవిడ అప్పటికే ఆఫీసుకి వెళ్ళిపోయింది. హిందూపురం నుంచి వచ్చిన మా అత్తగారు ఇంట్లో ఉన్నారు. ఫోన్లో సిగ్నల్ లేదు. జరగబోయే దానికి సరంజామా అంతా ఇదే.

సిగ్నల్ లేదంటే ఎవరూ నమ్మరు. ‘రెండు గీతలు కనిపిస్తున్నాయి కదా సార్, సరిపోతాయి’ అంటుంది కస్టమర్ కేర్ అమ్మాయి. ఆ గీతలకి ఒక లెక్కా పత్రం లేదు. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలన్నది ఫోన్ తయారుచేసేవాడి ఇష్టం. అదే సిమ్, అదే కుర్చీ; ఒక ఫోన్లో మూడు గీతలు, ఇంకో ఫోన్లో ఒకటి. అసలు లెక్క లోపలెక్కడో దాక్కుని ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్‌కి వెళ్ళి, అబౌట్ ఫోన్‌లో సిమ్ స్టేటస్ తెరిస్తే డీబీఎం అని ఒక అంకె ఉంటుంది. అది మైనస్‌లోనే ఉంటుంది. మైనస్ 80 ఉన్నవాడు మహారాజు. మైనస్ 110 దాటిందంటే అవతలివాళ్ళ గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఇంకో 10 దిగజారితే సిగ్నల్ శక్తి పదో వంతుకి పడిపోతుంది, 20 దిగజారితే నూరో వంతుకి.

ఇది తెలిసిన రోజున, మా వైపు బోరు వేసేముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగే నీళ్ళాయనలాగా, నేను ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. పడగ్గదిలో మైనస్ 118. హాల్లో 115. బాత్రూమ్ సంగతి అడక్కండి. వంటింట్లో తూర్పు గోడకి, వెంటిలేటర్ కింద, మా దేవుడి గూడు ఉంది. అందులో వెంకటేశ్వరస్వామి పటం వెనకాల గోడకి ఆనించి పెడితే మైనస్ 92. తేడా 26. అంటే మా పడగ్గదిలో కంటే దేవుడి గూట్లో శక్తి దాదాపు 400 రెట్లు ఎక్కువ. ఇది భక్తితో అంటున్న మాట కాదు, లాగరిథమ్ వేసి చూసుకోండి.

కారణంలో కూడా మహత్యం ఏమీ లేదు. టవర్ తూర్పున ఉంది. వెంటిలేటర్‌కి అద్దం లేదు. మిగతా కిటికీలకి మాత్రం లోహపు పూత పూసిన అద్దాలు బిగించారు. ‘ఎండ వేడి లోపలికి రానే రాదు సార్’ అని బిల్డరు గొప్పగా చెప్పాడు. వేడితో పాటు ఫోన్ కూడా రాదని చెప్పలేదు. గోడలు సరేసరి, లోపలంతా ఇనుప చువ్వలున్న కాంక్రీటు. 700 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలైతే గోడల్లోంచి ఎలాగోలా దూరతాయి. 5జీకి ఎక్కువగా వాడే 3500 మెగాహెర్ట్జ్ తరంగాలకి అంత ఓపిక లేదు. 2022 అక్టోబరులో దేశంలోకి వచ్చిన 5జీ, మా గోడ దాకా వచ్చి ఆగింది.

ఆమధ్య ఒక కంపెనీ వాళ్ళు వచ్చి, మీ మేడ మీద టవర్ పెట్టుకుంటాం, అద్దె ఇస్తాం అన్నారు. అసోసియేషన్ మీటింగ్‌లో ఎవరో ‘రేడియేషన్’ అన్నారు. అంతే, మీటింగ్ అయిపోయింది. టవర్ల రేడియేషన్‌కి 2012 నుంచి మన దేశం పెట్టుకున్న పరిమితి, అంతర్జాతీయంగా ఒప్పుకునే దాంట్లో పదో వంతేనండీ అని నేను చెప్పబోయాను. సిగ్నల్ దొరక్కపోతే చెవి దగ్గరున్న ఫోనే ఎక్కువ పవర్ పెట్టి అరవాల్సి వస్తుందని కూడా చెప్పబోయాను. సెక్రటరీగారు నన్ను ఆపి, ‘మీకు పిల్లలున్నారా?’ అని అడిగారు. ఆ సెక్రటరీగారే ఇప్పుడు రోజూ సాయంత్రం పార్కింగ్ ర్యాంపు మీద ఒంటికాలిపై నిలబడి ‘హలో, హలో, ఇప్పుడు వినపడుతోందా’ అంటుంటారు. నేను నమస్కారం పెట్టి వెళ్ళిపోతుంటాను.

కస్టమర్ కేర్ వైద్యం అందరికీ తెలిసిందే. ఫోన్ ఆపి ఆన్ చేయండి. ఫ్లైట్ మోడ్ పెట్టి తీయండి (ఇది నిజంగానే పనిచేస్తుంది, ఫోన్ మళ్ళీ కొత్తగా టవర్‌ని వెతుక్కుంటుంది, కాకపోతే వెతికితే దొరకాలి కదా). సిమ్ తీసి తుడవండి. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేయండి. చేశాను. వైఫై పాస్‌వర్డ్‌లూ బ్లూటూత్ జతలూ అన్నీ చెరిగిపోయాయి, మైనస్ 118 మాత్రం చెక్కు చెదరలేదు. వైఫై కాలింగ్ పెట్టుకోమన్నారు. అది మంచిదే, 2019 చివర్లో మన దగ్గర మొదలైనప్పటి నుంచీ నాలాంటి కాంక్రీటు ఖైదీలు దాని మీదే బతుకుతున్నారు. కాకపోతే దానికి వైఫై ఉండాలి, వైఫైకి కేబుల్ ఉండాలి, కేబుల్ ఉండాలంటే జేసీబీవాడు దయతలచాలి.

కాల్ తెగితే తెగినందుకు ఒక రూపాయి, రోజుకి మూడు రూపాయల దాకా కంపెనీలు వినియోగదారుడికి కట్టాలని 2015లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక నిబంధన తెచ్చింది. 2016 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. లేకపోతే నాకు ఈపాటికి ఒక చిన్న స్థిరాదాయం ఉండేది.

కంప్లయింటు కూడా పెట్టాను. రెండ్రోజుల్లో మెసేజ్ వచ్చింది: మా ఇంజనీరు ఫోన్ చేయగా మీరు అందుబాటులో లేరు, కాబట్టి మీ ఫిర్యాదు ముగించడమైనది. అందుబాటులో లేకపోవడమే కదా నాయనా నా ఫిర్యాదు!

సరే, పదకొండయింది. ఫోన్ తీసుకెళ్ళి స్వామి వెనక పెట్టాను. కుడి చెవిలో చిన్న బ్లూటూత్ ముక్క పెట్టుకున్నాను. చెవిలో అది ఉన్నాక గూటి ముందే నిలబడటం దేనికని అడుగుతారేమో. హాల్లోకి వెళ్తే మధ్య గోడకి గరగరమంటుంది. వంటింట్లోనే ఇంకోచోట నిలబడదామంటే ఒకపక్క ఫ్రిజ్, ఇంకోపక్క అత్తగారు ఒబ్బట్లకి పిండి కలుపుతున్నారు. మిగిలింది గూడు ముందున్న రెండు గచ్చు పలకలు. అక్కడ నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. జేబుల్లో పెట్టుకుందామంటే దేవుడి ముందు బాగోదు, పైగా లుంగీకి జేబులుండవు. అందుకని రెండు చేతులూ దగ్గరికి చేర్చి పొట్ట దగ్గర పెట్టుకున్నాను. తల కొంచెం వంచాను.

ఇక్కడ మా అత్తగారికి నా మీద ఉన్న అభిప్రాయం కాస్త చెప్పాలి. నేను దేవుణ్ణి నమ్మనని ఆవిడ నమ్మకం. పెళ్ళయిన కొత్తలో తిరుమల తీసుకెళ్తే, క్యూలో ఉన్నంతసేపూ లడ్డు కౌంటరు ఎటువైపు అని అడిగానట. అప్పటి నుంచీ వచ్చినప్పుడల్లా ‘మీరేం పెట్టుకోవద్దులే బాబూ, నేను పెడతాలే దీపం’ అంటుంటారు, జాలిగా.

అలాంటి అల్లుడు పట్టపగలు, పనివేళ, దేవుడి ముందు చేతులు కట్టుకుని ఇలా అంటున్నాడు:

‘సార్... తెలుసు సార్... ఆలస్యం జరిగిన మాట నిజమే సార్... ఈ ఒక్కసారికి మీరే చూసుకోవాలి సార్... పైవాళ్ళకి మీరే నచ్చజెప్పాలి సార్... ఇంకెప్పుడూ ఇలా కానివ్వను సార్.’

స్వామిని సార్ అనడం ఆవిడకి కాస్త వింతగానే అనిపించిందట. బెంగళూరులో ఆటో అబ్బాయి దగ్గర్నుంచి అందర్నీ సార్ అనే పిలుస్తారు కదా, దేవుణ్ణి కూడా అలాగే పిలుస్తారు కాబోలు అనుకున్నారట. స్టవ్ కట్టేశారు. పిండి చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకున్నారు. మెల్లగా వచ్చి నా ఎడమపక్కన నిలబడి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టారు. బ్లూటూత్ కుడి చెవిలో ఉంది. ఆవిడకి కనిపించే అవకాశమే లేదు.

నేను చూశాను. బొటనవేలూ చిటికెనవేలూ చాచి చెవి దగ్గర పెట్టి, ఫోన్లో ఉన్నానని సైగ చేశాను. కళ్ళు మూసుకున్న మనిషికి సైగ చేస్తే ఏం లాభం? కాల్ మ్యూట్ చేద్దామంటే ఫోన్ స్వామి వెనకుంది. స్వామి ముందు దీపం వెలుగుతోంది. స్వామికి పెద్ద చామంతి దండ, ఆ దండ కొస దీపం పక్కన వేలాడుతోంది. ఫోన్ తీయాలంటే ముందు దీపం జరపాలి, తర్వాత దండ ఎత్తాలి, తర్వాత పటం వంచాలి. ఇవన్నీ మేనేజరు తిడుతుండగా ‘సార్, సార్’ అంటూ చేయాలి. ఆలోచిస్తూనే ఉన్నాను. ఇంతలో చెవిలో ఒక ఆడగొంతు చల్లగా చావుకబురు చెప్పింది: బ్యాటరీ అయిపోయిందట. టుంగుమని ఆగిపోయింది.

బ్లూటూత్ ఆగిపోతే మాట ఫోన్లోకి వెళ్తుంది. ఫోన్లో సౌండ్ ఫుల్లో పెట్టి ఉంది, సిగ్నల్ సరిగ్గా లేనివాళ్ళందరి ఫోన్లూ అలాగే ఉంటాయి. ఆ గూటికి మూడు పక్కలా నున్నటి గ్రానైట్. మామూలుగా చెవిలో పెట్టుకుంటే గాని వినపడని గొంతు, ఆ రాళ్ళకి తగిలి గంభీరంగా బయటికి వచ్చింది.

‘ఏమయ్యా. పలకవేం? నీతోనే మాట్లాడుతున్నా.’

అత్తగారు కళ్ళు తెరిచారు. నా వైపు చూడలేదు. పటం వైపే చూస్తున్నారు.

ఇన్నేళ్ళుగా నా కాల్స్ తెగుతున్నాయి. జీతం పెంచే మాట దగ్గర తెగాయి, డాక్టరు మందు పేరు చెప్పేటప్పుడు తెగాయి, మా నాన్న ‘బ్యాంకు లాకరు తాళం ఎక్కడ పెట్టానంటే’ అన్నాక తెగాయి. ఈ ఒక్క కాల్ తెగితే చాలని ఆ నిమిషంలో నేను నిజంగానే స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. తెగలేదు. ఒక్క అక్షరం కూడా చెదరలేదు. హెచ్‌డీ వాయిస్ అని ప్రకటనల్లో చూపిస్తారే, మనిషి పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుందని, దాన్ని నేను మొదటిసారి అప్పుడే విన్నాను.

‘ఎవరున్నారక్కడ?’ అంది గూడు.

‘నేను స్వామీ,’ అన్నారు మా అత్తగారు. ‘హిందూపురం నుంచి వచ్చినాను.’

గూడు ఏమీ అనలేదు. ఆవిడకి ధైర్యం వచ్చింది.

‘మా అల్లుణ్ణి ఏమీ అనొద్దు స్వామీ. కాస్త బద్ధకమే గానీ మనసు మంచిది. ఆ ఉద్యోగం ఒక్కటి చల్లగా చూడు. కొండకి వచ్చి తలనీలాలు ఇప్పిస్తాను.’

ఎవరి తలనీలాలో అడగడానికి కూడా నాకు నోరు రాలేదు. అవతల మా టీమ్ మొత్తం కాల్లో ఉంది. ఎవరో మ్యూట్ తీసి దగ్గారు, అది దగ్గు కాదని నాకు తెలుసు. ఆ తర్వాత, గొంతు సవరించుకుని, మా మేనేజరు చాలా మర్యాదగా ఒక్క మాట అన్నాడు.

‘అలాగేనమ్మా.’

దీపం ఎలా జరిపానో, దండ ఏమైందో గుర్తులేదు. అత్తగారికి సంగతి విడమరిచి చెప్తే నొచ్చుకుంటారేమో అనుకున్నాను. ఆవిడ చెక్కుచెదరలేదు. ‘ఎవరైతేనేం బాబూ, మాట ఇచ్చినాడు కదా’ అని మళ్ళీ పిండి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆఫీసులో ఇప్పుడు నా పేరు ఎవరూ పలకడం లేదు. అందరికీ నేను అల్లుణ్ణే. నిన్న ఒక కుర్రాడు గుండు గీయించుకున్న బొమ్మ కూడా పంపాడు.

శుక్రవారం ఇంజనీరు వచ్చాడు. మా ఆవిడ తన నంబరు నుంచి ఇంకో కంప్లయింటు పెట్టింది, వాళ్ళ ఆఫీసు నుంచి. వచ్చినతను తన ఫోన్ తీసి, తిన్నగా వంటింట్లోకి నడిచి, గూడు ముందు నిలబడి ‘మైనస్ 91. చెన్నాగిదె సార్’ అన్నాడు. పడగ్గదిలోకి రావయ్యా అంటే వచ్చి చూసి, పెదవి విరిచి, ‘ఇక్కడెందుకు సార్ మాట్లాడటం, అక్కడ మాట్లాడండి’ అని సలహా ఇచ్చాడు. అత్తగారు అతనికి రెండు ఒబ్బట్లు పెట్టారు. తిన్నాడు. తిని, కంప్లయింటు క్లోజ్ చేయాలి, మీ నంబరుకి ఓటీపీ వస్తుంది చెప్పండి సార్ అన్నాడు. మా ఆవిడ తన నంబరు బదులు, ఇంట్లో ఉండేది నేనే కదా అని, నాది ఇచ్చిందట.

ఏ ఓటీపీ రాలేదు, సిగ్నల్ లేదు కదా అన్నాను. నాకు ఈ వారంలో దక్కిన ఒకే ఒక్క సంతోషం అది. కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను. పడగ్గదిలోంచి కదిలేది లేదు. ఓటీపీ లేకుండా ఎలా మూస్తాడో చూద్దాం అనుకున్నాను.

‘బాబూ,’ అని వంటింట్లోంచి అత్తగారు కేకేశారు, ‘స్వామి దగ్గరికి ఏదో వచ్చింది. ఏడు, నాలుగు, సున్నా...’

అతను టకటకా నొక్కేశాడు.