తీరం ఖాళీగా లేదు

సెలవులు ముగిసి జనం తగ్గగానే సముద్రతీరపు ఊళ్లలో ఒకటే బెంగ: వచ్చే సీజన్ దాకా గదులు నిండేదెలా? దానికి దొరికే జవాబులూ దాదాపు ఒకేలా ఉంటాయి. బీచ్ ఫెస్టివల్స్, ఇసుక మీద బైక్ రేసులు, డ్రోన్ షోలు. ఉపాధి సంగతి కాబట్టి ఆ బెంగను తీసిపారేయలేం. కానీ ఆ నెలల్లో తీరం ఖాళీగా ఉందన్న లెక్కే తప్పు. మనుషులు వెళ్లిపోయిన చాలా తీరాల్లో సరిగ్గా అప్పుడే వలస పక్షులు దిగుతుంటాయి.

అవి వచ్చే దూరం మామూలుది కాదు. 2022 అక్టోబరులో బార్ టెయిల్డ్ గాడ్‌విట్ జాతికి చెందిన ఒక పక్షి అలాస్కాలో బయల్దేరి, ఎక్కడా వాలకుండా 11 రోజులు ఎగిరి టాస్మేనియాలో దిగింది. దాని ఒంటికి అమర్చిన ట్రాన్స్‌మిటర్ చూపిన దూరం దాదాపు 13,560 కిలోమీటర్లు. అప్పటికి దాని వయసు అయిదు నెలలే! ఇలాంటి ప్రయాణానికి ముందు ఈ పక్షులు ఒంటి బరువులో సగం దాకా కొవ్వు పట్టిస్తాయి. మోసే బరువు తగ్గాలని కాబోలు, వాటి పేగులు, కాలేయం కూడా చిన్నవైపోతాయి. అలా వచ్చి దిగిన ప్రాణికి కావలసినవి రెండే: తిండి దొరికే బురద, బెదరకుండా నిలబడటానికి కాస్త చోటు.

ఈ రెండూ ఆటుపోట్ల చేతిలో ఉంటాయి. చాలా తీరాల్లో పోటు రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లకు ఈ లయ అందదు. అందుకే పక్షుల కోసం వెళ్లేవాళ్లు కొన్నాళ్లు ఉండాలంటాను. ఆటు సమయంలో తడి ఇసుక మీద అవి మేస్తుంటాయి. రెడ్ నాట్ అనే పక్షి ముక్కు కొనను ఇసుకలోకి దించితే చాలు, లోపల గవ్వ ఉన్నచోట నీటి ఒత్తిడిలో వచ్చే తేడాను పసిగడుతుంది. పెంకుతో సహా మింగేస్తుంది. నలగ్గొట్టే పని కందనకాయది. శాండర్లింగ్ అనే చిన్న పక్షి తీరు వేరు. అల వెనక్కి పోతుంటే దాని వెంటపడి పరుగు, అల మీదికొస్తే ఇటువైపు పరుగు. చూస్తూ కూర్చుంటే గంట ఇట్టే గడిచిపోతుంది.

పోటుకు బురద మునిగాక అన్నీ ఏ ఇసుకదిబ్బ మీదో గుంపుగా చేరి, వీపు ఈకల్లో ముక్కు దూర్చి, ఒంటికాలి మీద నిలబడతాయి. మనకు దగ్గరికెళ్లి ఫోటో తీయాలనిపించేదీ అప్పుడే. నాలుగడుగులు వేయగానే ముక్కులు బయటికొస్తాయి, తలలు నిక్కుతాయి, అంచున ఉన్నవి నడక మొదలుపెడతాయి. అక్కడే ఆగి వెనక్కి రావాలి. ఇంకాస్త ముందుకెళితే గుంపంతా లేస్తుంది. ఆ వీడియోకి లైకులు బాగానే వస్తాయి. కానీ మేత దొరకని ఆ గంటల్లో పక్షి ఎగిరేది దాచుకున్న కొవ్వుతోనే. కుక్కను వదిలేసినా, డ్రోన్ ఎగరేసినా జరిగేది ఇదే. రోజూ ఇలా లేపుతుంటే తిరుగు ప్రయాణానికి ఒంట్లో ఏం మిగులుతుంది?

పక్షి ఇంకో చోటికి పోతుందిలే అనేవాళ్లు దక్షిణ కొరియాలోని సెమన్‌గుమ్ చరిత్ర చూడాలి. 33 కిలోమీటర్ల గోడ కట్టి 2006లో అక్కడి బురద మైదానాలకు సముద్రాన్ని మూసేశారు. అక్కడ ఆగే గ్రేట్ నాట్ అనే వలస పక్షులు పక్క తీరాల్లో సర్దుకోలేదు. వాటి సంఖ్యే పడిపోయింది. మరోవైపు నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్ తీరాల వెంట ఉన్న వాడెన్ సముద్రం 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి చేరింది, డెన్మార్క్ వైపు భాగం 2014లో కలిసింది. ఏటా కోటికి పైగా పక్షులు ఆ దారిన వెళ్తాయి. పర్యాటకులూ వస్తూనే ఉన్నారు. కాకపోతే కొన్ని చోట్లకు ప్రవేశం ఉండదు, బురద మీద నడకకు గైడ్లుంటారు.

కాబట్టి ఆఫ్ సీజన్లో గదులు నిండాలంటే ఫెస్టివల్ ఒక్కటే దారి కాదు. పక్షుల కోసం వచ్చేవాళ్లు కొన్నాళ్లుంటారు, వాళ్లకు కావలసింది ప్రశాంతతే. పక్షులు గుమికూడే దిబ్బల చుట్టూ పోటు వేళల్లో తాడు కట్టి, చూసేందుకు దూరంగా ఒక మరుగు ఏర్పాటు చేయడం ఏ ఊరికైనా సాధ్యమే. హోటల్ వాళ్లు గది తాళంతో పాటు ఆ వారం ఆటుపోట్ల వేళలు రాసిన కాగితం చేతికిస్తే, ఎప్పుడు ఎక్కడికి వెళ్లకూడదో అతిథికి మొదటి రోజే తెలుస్తుంది.