‘సిటీకి కోట్ల ఇన్సూరెన్స్ ఉంది, మొత్తం వాళ్లే కడతారు’ అన్నది నిజం కాదు

టెక్సస్‌లో ఉండే మన తెలుగువాళ్ల మధ్య ఒక మాట బాగా ప్రచారంలో ఉంది: “సిటీ (నగర ప్రభుత్వం) బండి గుద్దినా, సిటీ రోడ్డు గుంతలో కారు పాడైనా టెన్షన్ పడక్కర్లేదు. సిటీకి కోట్ల డాలర్ల ఇన్సూరెన్స్ ఉంటుంది, కంపెనీయే మొత్తం కట్టేస్తుంది. క్లెయిమ్‌కి రెండేళ్ల టైముంది.” ఇది నమ్మి ఊరుకుంటే నష్టపోయేది దెబ్బ తగిలినవాళ్లే.

“ఇన్సూరెన్స్ ఎంతుంటే అంత వస్తుంది.” రాదు. ప్రభుత్వం వల్ల నష్టపోయినవాళ్లు ఎప్పుడు, ఎంత పరిహారం అడగొచ్చో చెప్పే టెక్సస్ టార్ట్ క్లెయిమ్స్ చట్టం ప్రకారం సిటీ కట్టాల్సింది మనిషికి 2,50,000 డాలర్ల వరకే. ఒక ప్రమాదంలో ఎంతమందికి దెబ్బలు తగిలినా అందరికీ కలిపి 5,00,000 దాటదు. సిటీ చెత్త లారీ ఐదుగురున్న వ్యాన్‌ని గుద్దిందనుకోండి. ఒక్కొక్కరికి రెండు లక్షల చొప్పున హాస్పిటల్ బిల్లు పది లక్షలైతే, సిటీ నుంచి వచ్చేది ఐదు లక్షలే. సిటీ పాలసీ లిమిట్ యాభై లక్షలున్నా ఇంతే. మిగతాది మన హెల్త్ ఇన్సూరెన్స్ భరించాలి, లేదంటే మన జేబులోంచి పోవాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి 50 వేల డాలర్ల విజిటర్ ఇన్సూరెన్స్‌తో సరిపెట్టేవాళ్లు ఈ లెక్క తప్పకుండా చూసుకోవాలి.

అన్ని రాష్ట్రాల్లో ఇలాగే ఉండదు. నార్త్ కరోలినాలో సిటీ ఇన్సూరెన్స్ కొంటే, ఆ కవరేజ్ మేరకు దావాల నుంచి తనకున్న చట్టపరమైన రక్షణని వదులుకున్నట్టే. అక్కడ పాలసీ లిమిట్ నిజంగానే ముఖ్యం. ఆ రాష్ట్రంలోని షార్లెట్‌లో ఉన్న చుట్టం చెప్పింది డాలస్‌లో పనికిరాకపోవడానికి ఇదే కారణం.

“గుంతలో పడి టైర్ పేలితే సిటీ కడుతుంది.” టెక్సస్‌లో దాదాపు కట్టదు. ఆస్తి నష్టానికి ఈ చట్టం దారి ఇచ్చేది సిటీ ఉద్యోగి నడిపిన వాహనం వల్లో, మోటారు యంత్రం వల్లో నష్టం జరిగినప్పుడే. రోడ్డు బాగాలేక మనిషికి దెబ్బ తగిలితే కేసుకి అవకాశం ఉంది, అదీ షరతులతో. టైరుకీ రిమ్ముకీ మన ఆటో ఇన్సూరెన్సే గతి.

“కట్టేది కంపెనీ కదా, మన టాక్స్‌కేం సంబంధం?” సంబంధం ఉంది. చిన్న సిటీలు చాలావరకు కలిసి నడుపుకునే రిస్క్ పూల్‌లో (ఉమ్మడి నిధిలో) చేరతాయి. ఇంకొన్ని మొదటి కొంత మొత్తం తామే భరించి, ఆపైదానికే పాలసీ కొంటాయి. న్యూయార్క్ లాంటి పెద్ద నగరాలు సొంత ఖజానా నుంచే కడతాయి. పోలీసు చేతిలో చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ కుటుంబానికి 2021లో మినియాపొలిస్ ఒప్పుకున్న 2.7 కోట్ల డాలర్లూ సిటీ డబ్బే. అది ఫెడరల్ పౌరహక్కుల దావా. అలాంటి దావాలకి రాష్ట్రాలు పెట్టిన పరిమితులు వర్తించవు కాబట్టే అంత పెద్ద మొత్తం సాధ్యమైంది. దాన్ని చూపించి మామూలు యాక్సిడెంట్‌కీ అలాగే వస్తుందనడం అన్యాయం.

“రెండేళ్ల టైముంది.” అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. రెండేళ్లు కోర్టులో దావా వెయ్యడానికి. సిటీకి నోటీసు మాత్రం ఆరు నెలల్లోపు అందాలి. సిటీ చార్టర్‌లో (ఆ సిటీ సొంత మూల నిబంధనల్లో) ఇంకా తక్కువ గడువుంటే అదే చెల్లుతుంది, హ్యూస్టన్‌లో 90 రోజులే. పోలీస్ రిపోర్ట్ ఉంది కదా అనుకుంటే సాధారణంగా సరిపోదు. ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఏం నష్టం అన్నవి రాసి, హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చిన వారంలోనే ఆ సిటీ చెప్పిన ఆఫీసుకి పంపండి. అందినట్టు రసీదు తీసుకోండి.