పన్ను సున్నా, నంబరుకు రెండున్నర లక్షలు

ఎలక్ట్రిక్ కార్లకు లైఫ్ ట్యాక్స్, అంటే బండి కొన్నప్పుడే ఒక్కసారిగా కట్టే రోడ్డు పన్ను, మాఫీ చేయడం వల్ల బెజవాడ జనానికి జరుగుతున్న అన్యాయం గురించి ఇంతవరకు ఏ నాయకుడూ నోరు విప్పలేదు కాబట్టి ఆ బాధ్యత నేనే నెత్తిన వేసుకుంటున్నాను. నవ్వకండి, ఇది సీరియస్ విషయం. పూర్వం కారు కొన్నవాడు బందరు రోడ్డులో టీ కొట్టు దగ్గర ఆగి, నలుగురూ వినేట్టు "ట్యాక్సులకే రెండు లక్షల డెబ్బై వేలు బొక్క పడిందిరా" అని ప్రభుత్వాన్ని తిట్టేవాడు. ఆ ఒక్క తిట్టుతో కారు ఖరీదెంతో ఎదుటివాడికి అర్థమైపోయేది, మన నోటితో మనం చెప్పుకోవాల్సిన ఖర్మ ఉండేది కాదు. ఇప్పుడు ఆ సదుపాయం తీసేశారు. పదహారు లక్షలు పోసి బండి కొని, పన్ను కట్టలేదని చెప్పుకోవడానికి నామోషీ, కట్టానని అబద్ధం ఆడదామంటే అందరికీ తెలుసు. మనిషి ఏమైపోవాలి?

మా బావ సంగతే తీసుకోండి. గుంటూరులో మిర్చి వ్యాపారం, పటమటలో ఫ్లాటు, ఈ మధ్యే ఎలక్ట్రిక్ కారు. ఆయన కొన్నప్పుడు మాఫీ నడుస్తోంది. మాఫీ లేకపోతే ఎంతయ్యేదో చెప్తాను, వినండి. 2022 నుంచి మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ 5 లక్షల లోపు కారుకు 13 శాతం, 10 లక్షల దాకా 14, 10 నుంచి 20 దాకా 17, ఆ పైన 18. అంటే 16 లక్షల కారుకు 2,72,000. ఇక బైకులూ స్కూటర్లూ 50 వేలు దాటితే 12 శాతం, కాబట్టి లక్ష రూపాయల పెట్రోలు స్కూటరు కొన్న సింగ్ నగర్ కుర్రాడు 12 వేలు కడతాడు. అక్కడితో అయిపోతే బాగుండు. తర్వాత ట్యాంకులో పోయించుకునే ప్రతి లీటరు మీదా 31 శాతం వ్యాటు, దాని మీద ఇంకో 4 రూపాయలు, రోడ్ల అభివృద్ధి పేరు చెప్పి మరో రూపాయి. అలా ఆ కుర్రాడు రూపాయి రూపాయి వేసి బాగుచేయిస్తున్న రోడ్డు మీద మా బావ కారు, బ్యాటరీ బరువుతో సహా, చప్పుడు లేకుండా వాడి పక్కనుంచే వెళ్లిపోతుంది. కుర్రాడు పర్యావరణాన్ని పాడుచేస్తున్నాడు, మా బావ కాపాడుతున్నాడు. ఈ మాట మా బావే చెప్పాడు, ఏసీ 18లో పెట్టుకుని.

పొగ మాటకొస్తే, కారుకి గొట్టమే లేదు కాబట్టి పొగ లేదు. ఆ గొట్టాలు ఇబ్రహీంపట్నంలో ఉన్నాయి, థర్మల్ స్టేషన్‌లో, బెజవాడ నుంచి చూస్తే కనపడేంత పొడవున. కరెంటు అంతా అక్కడి బొగ్గుదే అని నేననను, సోలారు కూడా గ్రిడ్‌లోకి వస్తుంది. కాకపోతే మా బావ కారు ఛార్జింగ్ పెట్టేది రాత్రి పదకొండింటికి.

సరే, షోరూము ముచ్చట. సేల్స్ కుర్రాడు కొటేషన్ కాగితం మావైపు తిప్పాడు. లైఫ్ ట్యాక్స్ అన్న చోట సున్నా ఉంది. ఆ సున్నా చుట్టూ ఎర్ర పెన్నుతో ఒకసారి చుట్టి, మా బావ మొహం చూసి, సరిపోలేదనుకున్నాడేమో, మళ్లీ ఇంకోసారి చుట్టాడు. మా బావ ఆ సున్నానే చూస్తూ ఉండిపోయాడు. ఆ సమయంలో కుర్రాడి బొటనవేలు ఆనుకుని ఉన్న చోట, కాగితం కింది భాగంలో, మిగతా సంసారం అంతా ఉంది. హ్యాండ్లింగ్ చార్జీలు. ఎసెన్షియల్ కిట్, అంటే నాలుగు మ్యాట్లు, నాలుగు మడ్ ఫ్లాపులు, ఒక సెంటు సీసా. రిజిస్ట్రేషన్, ఇతరత్రా అని 7,500.

"రిజిస్ట్రేషన్ ఫీజు లేదన్నావు కదమ్మా?" అన్నాడు మా బావ.

"ఫీజు లేదు సార్. ఇది ప్రాసెస్."

ఇక్కడ కేంద్రం వారికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి. బ్యాటరీ వాహనాలకు ఆర్‌సీ ఫీజు అక్కర్లేదని 2021 ఆగస్టులో నోటిఫికేషన్ ఇచ్చారు. మామూలు కారుకి ఆ ఫీజు 600 రూపాయలు. అంటే 16 లక్షల బండి మీద 600 మాఫీ. మా బావ ఆ 600 మిగిలినందుకు సంతోషించి 7,500 కట్టాడు. ఇతరత్రా అంటే ఏమిటని నేను అడిగితే, "పోనీలేరా, పెద్ద షోరూము, బాగోదు" అని నన్నే కసిరాడు. మిర్చి యార్డులో టిక్కీ, అదే మిర్చి బస్తా, దగ్గర పది రూపాయల కోసం పూటంతా బేరమాడే మనిషి.

ఆయనకు నిజంగా కోపం వచ్చింది మాత్రం టీసీఎస్ మీద, అంటే అమ్మేటప్పుడే షోరూము వాళ్లు పట్టుకునే ఆదాయపు పన్ను మీద. 10 లక్షలు దాటిన ఏ కారుకైనా ఒక శాతం పట్టుకుంటారు. అది పోయే డబ్బు కూడా కాదు, రిటర్న్ వేసినప్పుడు మన పన్నులో సర్దుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. మొత్తం కాగితంలో తిరిగొచ్చే డబ్బంటూ ఉన్నది ఆ 16 వేలు ఒక్కటే. సరిగ్గా దాని మీదే మా బావ బల్ల గుద్దాడు. "అసలు ఇది ఎందుకు కట్టాలయ్యా, ఇది దోపిడీ" అన్నాడు. బాధ డబ్బుది కాదు లెండి. పాన్ నంబరుతో సహా కారు సంగతి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల దగ్గరికి వెళ్లిపోతుంది. ఈ ఏడు మిర్చిలో మొత్తం నష్టమేనని ఆడిటరు గారికి చెప్పి అప్పటికి నెల కూడా కాలేదు.

మధ్యలో చుట్టాల అడ్రసుల శాఖ ఒకటుంది, దాని గురించి కూడా చెప్పకపోతే పాపం. మన దగ్గర 2018లో వచ్చిన ఎలక్ట్రిక్ పాలసీ పన్ను లేదంది, దానికో గడువు పెట్టింది. తర్వాత 2024-29కి 4.0 అని ఇంకో పాలసీ వచ్చింది. ఏ పాలసీకైనా పుట్టిన తేదీ, పోయే తేదీ ఉంటాయి. ఒకటి పోయి ఇంకోటి పుట్టే సందులో బండి బుక్ చేసినవాడి గతి ఏమిటో ఏ జాతకంలోనూ ఉండదు. అటు తెలంగాణ వాళ్లు 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా పన్నూ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజూ లేదని జీవో ఇచ్చారు. ఇక చూడండి, అక్కడి అడ్రసు కోసం, పెళ్లికి పిలిస్తే వాట్సాప్‌లో దండం బొమ్మ పెట్టి ఊరుకునే హైదరాబాద్ మియాపూర్ పిన్ని కొడుకు హఠాత్తుగా ఆప్తుడైపోతాడు. "తమ్ముడూ, మీ అద్దె అగ్రిమెంటులో నా పేరు కూడా రాయించరాదూ" అని ఫోన్లు. వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంటే ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలని మోటారు వాహనాల చట్టంలో ఉంది. కానీ బండి ఇక్కడికి ఎప్పుడు వచ్చిందో బండికీ, చిల్లకల్లు టోల్ గేటు కెమెరాకీ తప్ప ఎవరికి తెలుసు? మన ట్రావెల్స్ బస్సుల వెనక నాగాలాండ్, అరుణాచల్ నంబర్లు చూసి పెరిగిన వాళ్లం, మియాపూర్ ఒక దూరమా.

మా బావ ఆ దారి తొక్కలేదు. నీతి వల్ల అనుకునేరు. తెలంగాణ నంబరు వేసుకుని గుంటూరు యార్డుకి పోతే హైదరాబాద్ నుంచి ఎవరో కొనుగోలుదారు వచ్చాడని రేటు పెంచేస్తారట.

నంబరు! అసలు కథ ఇది. 2019 మొదట్లో రాష్ట్రం మొత్తానికి ఏపీ 39 అని ఒకే సిరీస్ తెచ్చినప్పుడు జనం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు గానీ అది చిన్న దెబ్బ కాదు. అంతకుముందు 16 అంటే కృష్ణా, 07 అంటే గుంటూరు. బండి వెనక నుంచి చూసి ఊరు చెప్పేవాళ్లం, ఊరు చెప్పగానే కులగోత్రాల ఊహాగానాలు కూడా మొదలయ్యేవి. అది పోయాక మనిషి గొప్ప చెప్పుకోవడానికి ప్లేటు మీద మిగిలింది ఆఖరి నాలుగు అంకెలే. అందుకే వాటికి అంత గిరాకీ. కూడితే తొమ్మిది రావాలి. ఎనిమిది రాకూడదు, శని. మా బావకు పెళ్లి సంబంధం చూసినప్పుడు కూడా ఇంత లెక్క చూడలేదని మా అక్క అంటుంది.

టీఆర్ నంబరు, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్, వచ్చింది, అసలు నంబరుకు ఆన్‌లైన్‌లో పోటీ పెట్టారు. నేను పక్కనే కూర్చున్నాను. షోరూములో ఇతరత్రా అడగడానికి మొహమాటపడిన మనిషి, టీసీఎస్ దోపిడీ అన్న మనిషి, ల్యాప్‌టాప్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముందు నంబరుకి నిర్ణయించిన రుసుము కట్టాడు. అవతల ఎవడో ఉన్నాడు, వాడికీ అదే నంబరు కావాలి. యాభై వేల దగ్గర నేను "చాల్లే బావా" అన్నాను. లక్ష దగ్గర మా అక్క కాఫీ తెచ్చి పెట్టి, అంకె చూసి, కాఫీ పట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది. రెండు లక్షలప్పుడు ఆయన "వీడు మన యార్డు వాడే అయ్యుంటాడు" అన్నాడు. ఆ అనుమానం వచ్చాక ఇక ఆగే ప్రశ్నే లేదు. రెండున్నరకు నంబరు ఆయనదైంది. లేచి నిలబడి, నేను తప్ప ఎవరూ లేని గదిలో చుట్టూ చూశాడు.

ఇప్పుడు లెక్క చూడండి. ప్రభుత్వం మా బావకు 2,72,000 వదిలేసింది. మా బావ 2,50,000 పట్టుకెళ్లి అదే రవాణా శాఖకు, అదే రాష్ట్ర ఖజానాకు, ఎవరూ అడగకుండా, పోటీపడి మరీ కట్టి వచ్చాడు. పన్నుగా అడిగితే రక్తం పీలుస్తున్నారంటాడు. నంబరుగా అమ్మితే స్వీట్లు పంచాడు. మిగిలిన 22 వేలు ఏవని మా అక్క అడిగింది. ఇతరత్రాలో పోయాయి.

నాకు తట్టిందేమిటంటే, మనవాళ్లు పన్నుకు వ్యతిరేకులని ఇన్నాళ్లూ ఆర్థికవేత్తలు పొరబడ్డారు. అందరితో సమానంగా కట్టమంటేనే మనవాళ్లకు కష్టం. పక్కింటివాడూ 17 శాతమే, నేనూ 17 శాతమే అయితే ఇక కట్టి లాభమేంటి? వాడికన్నా ఒక రూపాయి ఎక్కువ కట్టే అవకాశం ఇచ్చి, ఆ సంగతి వాడికి తెలిసే ఏర్పాటు చేస్తే, భార్య మెడలోది కుదువ పెట్టయినా కడతాం.

అపార్టుమెంటు అసోసియేషన్ వాళ్లకు ఈ రహస్యం ఎప్పుడో తెలుసు. సెల్లార్‌లో ఛార్జర్ పెట్టుకోవడానికి మా బావ పర్మిషన్ అడిగితే మీటింగు పెట్టారు. మూడో ఫ్లోరు మాస్టారు "మంటలొస్తే ఎవరిది బాధ్యత?" అన్నారు. ఆయన స్కూటరు పక్కన ఎప్పుడూ అయిదు లీటర్ల పెట్రోలు డబ్బా ఉంటుంది. కాసేపు అరుచుకున్నాక, లిఫ్టు ఖర్చులో ఎక్కువ వాటా ఇస్తే అభ్యంతరం లేదన్నారు, ఇచ్చాడు. నోటీసు బోర్డులో విరాళం అని ఆయన పేరు రాశారు, ఇంటి పేరుతో సహా. మంటల ప్రస్తావన ఆ తర్వాత మళ్లీ రాలేదు.

కాబట్టి రవాణా శాఖ వారికి నా ప్రతిపాదన. మాఫీ వెంటనే ఎత్తేయండి. పన్ను ఎంత కట్టారో నంబరు ప్లేటు మీద, నంబరు కిందే, చీకట్లో కూడా మెరిసే అక్షరాలతో ముద్రించండి. హై సెక్యూరిటీ ప్లేటు ఎలాగూ తప్పనిసరి, ఎలక్ట్రిక్ బండికి ఆకుపచ్చ రంగు ఎలాగూ ఇచ్చారు, అందులో కాస్త చోటు చూడండి చాలు. శాతాలు తీసేసి కనీసం ఇంత అని మాత్రం పెట్టండి, పైన ఎంతైనా కట్టుకోవచ్చని ఒక లైను చేర్చండి. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర రెండు కార్లు పక్కపక్కన ఆగి, ఒకదాని మీద 2,72,000 అనీ ఇంకోదాని మీద 3,10,000 అనీ కనబడిన మరుక్షణం, మొదటివాడు ఫోన్ తీసి తేడా కట్టేస్తాడు, పచ్చ లైటు పడేలోపే. దుర్గమ్మ కొండ కింద కొత్త బండికి పూజ చేసే పంతులు గారు కూడా ముందు ఆ అంకె చూసుకుని, మంత్రం ఎంత పొడుగు చదవాలో నిర్ణయించుకుంటారు. సింగ్ నగర్ కుర్రాడి స్కూటరు మీద 12,000 అని ఉంటుంది. వాడి పక్కన కొన్నాళ్ల కింద మాఫీలో కొన్న కార్లు సున్నా వేసుకుని నిలబడాలి, అది తలచుకుంటేనే నాకు ఒళ్లు పులకరిస్తోంది.

ఈ ప్రతిపాదన రాసి ముందు మా బావకే చదివి వినిపించాను, ఎలాగూ కథ ఆయనది కదా. సగం దాకా మొహం ముడుచుకునే ఉన్నాడు. ప్లేటు మీద అంకె దగ్గరికి వచ్చేసరికి ముందుకు జరిగి కూర్చున్నాడు.

"ఇది నిజంగా వస్తుందంటావా?"

"ఏమో బావా, పంపిస్తున్నాను."

"వచ్చేదైతే ముందే చెప్పు," అన్నాడు గొంతు తగ్గించి, "ఇది అమ్మేసి 20 లక్షలు దాటింది కొంటా. స్లాబు మారుతుంది కదా."