లాంకాస్టర్‌లో చూసేది, పాలమూరులో చూడనిది

న్యూజెర్సీలోనో ఫిలడెల్ఫియా దగ్గరో ఉన్న పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్లే తెలుగు తల్లిదండ్రుల టూర్ లిస్టులో నయాగరా, వాషింగ్టన్, హెర్షీ చాక్లెట్ పార్కుతో పాటు పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీలో, పాతకాలపు పద్ధతుల్లో బతికే క్రైస్తవ శాఖ అయిన ఆమిష్‌ల ఊళ్లు కూడా తరచుగా ఉంటాయి. గుర్రపు బగ్గీలు, గడ్డాల మగవాళ్లు, తెల్ల టోపీల ఆడవాళ్లు, ఇంటి ముందు తీగ మీద బారుగా ఆరేసిన బట్టలు చూస్తారు. రోడ్డు పక్కన ఓ జామ్ సీసా కొనుక్కుని సాయంత్రానికి వెనక్కి వస్తారు. తర్వాత చెప్పుకునే మాట ఇంచుమించు ఒకటే: "అచ్చం మన చిన్నప్పటి ఊళ్లలాగే ఉన్నాయి. కరెంటు లేదు, టెన్షన్ లేదు, ఎంత హాయిగా బతుకుతున్నారో!"

ఈ మాటలో అభిమానం ఉంది గానీ నిజం తక్కువ. మన ఊళ్లకు అప్పట్లో కరెంటు రాలేదు, వచ్చిన రోజున సంబరపడ్డాం. ఆమిష్ ఊళ్ల పక్కనుంచి కరెంటు తీగలు వెళ్తూనే ఉన్నాయి, వాళ్లే ఇంట్లోకి లాక్కోలేదు. మనకు అందనిదాన్ని, వాళ్లు అందినా వద్దనుకున్నదాన్ని ఒకే గాటన కడితే వాళ్ల గొప్పతనమూ అర్థం కాదు, వాళ్లలోని తప్పులూ కనపడవు.

ఆమిష్ జనాభా ఇప్పుడు 4 లక్షలు దాటింది. సుమారు 20 ఏళ్లకోసారి రెట్టింపవుతోంది. అందులో సగానికి పైగా పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానా రాష్ట్రాల్లోనే ఉన్నారు. వీళ్లకు చర్చి భవనాలుండవు. పాతిక, ముప్పై, నలభై కుటుంబాలు కలిసి ఒక సంఘం. రెండు వారాలకోసారి ఒక్కో ఇంట్లో ఆరాధన జరుగుతుంది, బల్లలు బండి మీద ఆ ఇంటికి చేరతాయి. బోధకుడిని చీటీ తీసి ఎంచుకుంటారు. సభ్యులు సూచించిన మగవాళ్లు పాటల పుస్తకాల్లోంచి తలా ఒకటి తీసుకుంటారు, ఎవరి పుస్తకంలో చీటీ ఉంటే ఆ బాధ్యత జీవితాంతం అతనిదే. జీతం ఉండదు. ఏది వాడాలి, ఏది వాడకూడదు అన్న కట్టుబాటును ఏడాదికి రెండుసార్లు, ప్రభురాత్రి భోజనానికి ముందు, సంఘమంతా కూర్చుని తిరిగి చూసుకుంటుంది. ఏ సంఘం నిర్ణయం దానిదే. అందుకే లాంకాస్టర్‌లో బగ్గీ బూడిద రంగులో ఉంటే, ఒహాయోలోని హోమ్స్ కౌంటీలో నల్లగా ఉంటుంది.

కరెంటు పాపమని వాళ్లు అనుకోరు. చాలాచోట్ల వడ్రంగి షెడ్డులో డీజిల్ ఇంజన్ గాలిని కంప్రెస్ చేస్తుంది, ఆ గాలితో రంపాలు తిరుగుతాయి. గ్యాస్‌తో ఫ్రిజ్ నడుస్తుంది. కొన్ని సంఘాలు బ్యాటరీలు, సోలార్ పలకలు ఒప్పుకున్నాయి. ఫోను ఇంట్లో ఉండదు గానీ పొలం గట్టున చిన్న గదిలో ఉంటుంది. కారు కొనుక్కోరు గానీ వేరేవాళ్ల వ్యాను కిరాయికి మాట్లాడుకుని ఎక్కుతారు, వాళ్లను తిప్పడమే బతుకుదెరువుగా ఉన్న డ్రైవర్లు ఆ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. పైపైన చూస్తే ఇదంతా పొంతన లేనట్టు ఉంటుంది. కానీ వెనక ఉన్న ప్రశ్న ఒకటే: ఈ వస్తువు వస్తే మనం ఒకరికొకరం దగ్గరవుతామా, దూరమవుతామా? ఇంట్లో ఫోనుంటే పక్కింటికి నడిచి వెళ్లడం తగ్గుతుంది. కారుంటే సంఘం చెదిరిపోతుంది. ఈ లెక్కతో మనం ఏకీభవించకపోవచ్చు. అయినా ఒక వస్తువును ఇంట్లోకి రానిచ్చే ముందు నలుగురూ కూర్చుని ఆలోచించడం అన్నది, పిల్లల చేతికి స్మార్ట్‌ఫోన్ ఇచ్చేశాక బెంగపడుతున్న మన ఇళ్లలో ఒక్కసారి కూడా జరగలేదు. ఆ విషయంలో వాళ్ల మీద నాకు నిజమైన గౌరవం ఉంది.

ఈ పట్టుదల ఎక్కడిదో తెలియాలంటే 1525 దాకా వెళ్లాలి. ఆ ఏడాది జనవరిలో జ్యూరిక్ నగరంలో కొందరు యువకులు, చంటిపిల్లలకిచ్చే బాప్తిస్మం చెల్లదని, పెద్దయ్యాక తెలిసి తీసుకున్నదే బాప్తిస్మమని, ఒకరికొకరు మళ్లీ బాప్తిస్మం ఇచ్చుకున్నారు. ఈ దారి పట్టినవాళ్లనే అనబాప్టిస్టులు అంటారు. పుట్టిన ప్రతి బిడ్డా చర్చి లెక్కలోకీ రాజ్యం లెక్కలోకీ ఒకేసారి చేరిపోయే కాలమది. అందుకే ఇది మతద్రోహమే కాదు, రాజద్రోహం కూడా అయింది. వాళ్లలో ఫెలిక్స్ మాంజ్‌ను 1527లో లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. తర్వాతి తరాల్లో వేలమంది బలయ్యారు. మెనో సైమన్స్ అనే డచ్చి మతగురువు వెంట నడిచినవాళ్లు మెనొనైట్లు, ఆస్తులన్నీ ఉమ్మడిగా పెట్టుకున్నవాళ్లు హట్టరైట్లు, 1693లో యాకోబ్ అమ్మాన్ కట్టుబాట్లు ఇంకా బిగించాలంటూ విడదీసుకెళ్లినవాళ్లు ఆమిష్‌లు. కత్తి పట్టకూడదు, ప్రమాణం చేయకూడదు, కీడుకు కీడు చేయకూడదు అన్నవి వీళ్లందరికీ ఉమ్మడి సూత్రాలు.

ఇక టూరిస్టు బస్సు ఆగని చోట్ల ఆమిష్‌ల లోకమూ బయటి లోకమూ రోజూ ఎలా కలుసుకుంటున్నాయో చూడాలి. ఫిలడెల్ఫియాలోని రీడింగ్ టెర్మినల్ మార్కెట్‌లో ఆమిష్ అంగళ్లు ఆదివారం తెరవరు, దాన్ని బట్టే కొనేవాళ్లు వారం లెక్క వేసుకుంటారు. వసంతకాలం మొదట్లో లాంకాస్టర్ పల్లెల్లో బురద పొలాల మధ్య వేలంపాటలు జరుగుతాయి. బొంతలు, గుర్రాలు, కుర్చీలు, పాత పనిముట్లు అమ్మగా వచ్చిన డబ్బు ఊరి ఫైర్ కంపెనీకి పోతుంది. ఆ ఫైర్ కంపెనీల్లో ఆమిష్ మగవాళ్లు వాలంటీర్లు. లారీ తోలరు గానీ మంట ఆర్పడంలో ముందుంటారు. వీళ్లు పన్నులు కట్టరన్న మాట మనవాళ్లలో తిరుగుతుంటుంది, అది తప్పు. ఆదాయపు పన్ను, ఆస్తి పన్ను అందరిలాగే కడతారు. 1965 చట్టం వీళ్లకు మినహాయించింది సోషల్ సెక్యూరిటీని మాత్రమే. దాని కింద పెన్షనూ తీసుకోరు, కట్టాల్సిందీ కట్టరు. ముసలివాళ్లను ఇల్లు చూసుకుంటుంది, ఆస్పత్రి బిల్లుకు సంఘం చందా వేసుకుంటుంది.

రోడ్డు మీద మాత్రం ఈ కలయిక ప్రాణాల మీదికి వస్తోంది. గంటకు 15 కిలోమీటర్లు కూడా పోని బగ్గీని వెనకనుంచి కారు గుద్దిన ప్రమాదాలు ఆగడం లేదు. 2022లో ఒహాయో ప్రభుత్వం ప్రతి బగ్గీకీ మెరిసే పసుపు దీపం ఉండాలని చట్టం తెచ్చింది. మరీ కఠినమైన స్వార్జెంట్రూబర్ శాఖవాళ్లలో కొందరు అది తమ నమ్మకానికి విరుద్ధమని జరిమానాలకు కూడా సిద్ధపడ్డారు. వాళ్ల మనస్సాక్షిని గౌరవిస్తూనే, ఈ విషయంలో నేను ప్రభుత్వం పక్షమే. బగ్గీలో కూర్చునేది నమ్మకాన్ని ఎంచుకున్న పెద్దవాళ్లే కాదు, ఏమీ ఎంచుకోని పసిపిల్లలు కూడా.

మనకు నేరుగా పనికొచ్చే సంగతి ఒకటి లాంకాస్టర్ కౌంటీలోనే ఉంది. కొద్దిపాటి కుటుంబాల నుంచే ఇన్ని లక్షల మంది పెరగడం వల్ల ఆమిష్, మెనొనైట్ పిల్లల్లో కొన్ని అరుదైన జన్యు జబ్బులు ఎక్కువ. వాటి కోసం 1989లో డాక్టర్ హోమ్స్ మార్టన్ అక్కడ ఒక క్లినిక్ పెట్టారు. ఆ క్లినిక్ నడపడానికి కూడా ఆమిష్‌లు వేలంపాటలు వేసి డబ్బు పోగుచేస్తారు. పుట్టిన వెంటనే పరీక్ష చేసి ఆహారం మారిస్తే, ఒకప్పుడు మెదడు దెబ్బతిని చనిపోయిన పిల్లల్లో చాలామంది ఇప్పుడు బతుకుతున్నారు. మేనరికాలు ఇంకా బాగానే ఉన్న తెలుగు జిల్లాల్లో నవజాత శిశువులందరికీ ఇలాంటి పరీక్షలు చేయాలని ఎందుకు గట్టిగా అడగడం లేదో మనం ఆలోచించాలి.

2006 అక్టోబర్ 2న నికెల్ మైన్స్ అనే ఊళ్లో, ఆమిష్‌ల ఇళ్ల నుంచి పాలు సేకరించే లారీ డ్రైవర్ ఒకడు ఒంటిగది బడిలోకి చొరబడి పదిమంది ఆడపిల్లలను కాల్చాడు. ఐదుగురు చనిపోయారు, తర్వాత వాడూ కాల్చుకున్నాడు. పొద్దుగూకేలోపే ఆమిష్ పెద్దలు కొందరు హంతకుడి భార్య దగ్గరికి వెళ్లి, మీ మీద మాకు కోపం లేదని చెప్పారు. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు కూడా అతని అంత్యక్రియలకు వెళ్లారు. ఆ వార్త అప్పట్లో ప్రపంచమంతటినీ కదిలించింది. ఇది ఒక్కరోజులో పుట్టిన మనసు కాదు. 1569లో హాలండ్‌లో డర్క్ విల్లెమ్స్ అనే అనబాప్టిస్టు, తనను పట్టుకోవడానికి తరుముతూ, గడ్డకట్టిన మంచు పగిలి నీళ్లలో పడిపోయిన కావలివాడిని వెనక్కి వచ్చి కాపాడాడు, ఆపైన పట్టుబడి సజీవ దహనమయ్యాడు. ఆమిష్ పిల్లలు ఈ కథ వింటూ పెరుగుతారు. క్షమించడం వాళ్లకు తరతరాల సాధన.

అదే సాధన ఇంట్లో ఇంకోలా పనిచేస్తుంది. తప్పు చేసినవాడు సంఘం ముందు మోకరించి ఒప్పుకుంటే, కొన్ని వారాలు వెలి ఉంచి తిరిగి చేర్చుకుంటారు. ఆ తర్వాత ఆ ప్రస్తావన తేకూడదు. చిన్న తగవులకు ఇది మంచి పద్ధతే. కానీ ఆ తప్పు ఇంట్లో ఆడపిల్లపై జరిగిన లైంగిక దాడి అయితే? దాడి చేసినవాడు చేరిపోతాడు, మరిచిపోలేని పిల్ల క్షమించని పాపిష్టిదవుతుంది. పోలీసుల దగ్గరికి వెళ్లడం సంఘాన్ని దాటి వెళ్లడం అవుతుంది. పెన్సిల్వేనియా, ఒహాయో, మిస్సోరీ కోర్టుల్లోకి ఇలాంటి కేసులు వస్తూనే ఉన్నాయి. బొలీవియాలో మానిటోబా కాలనీ అనే మెనొనైట్ స్థావరంలో ఇంకా ఘోరం జరిగింది. అక్కడి మగవాళ్లే రాత్రిళ్లు మత్తుమందు చల్లి వందమందికి పైగా ఆడవాళ్లపై, పిల్లలపై అత్యాచారాలు చేశారు. బాధితులు చెబితే మొదట దయ్యాల పని అన్నారు. 2009లో బయటపడ్డాక, 2011లో కోర్టు ఏడుగురికి 25 ఏళ్ల జైలు వేసింది. నికెల్ మైన్స్ క్షమను తలచుకుని కన్నీళ్లు పెట్టుకున్న మనం ఈ ఆడవాళ్ల గురించీ మాట్లాడాలి. ఎవరికి వారు మనస్ఫూర్తిగా క్షమించడం గొప్ప విషయం. క్షమించి తీరాలని బాధితురాలి మెడ మీద కూర్చోవడం రెండో దాడి.

చదువు సంగతీ ఇలాంటిదే. ఎనిమిదో తరగతితో బడి మాన్పించిన ఆమిష్ తండ్రులకు విస్కాన్సిన్ రాష్ట్రం 5 డాలర్ల చొప్పున జరిమానా వేస్తే, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1972లో ఆమిష్‌లే గెలిచారు. జస్టిస్ డగ్లస్ మాత్రం ఒక ప్రశ్న వేశారు: తండ్రి మత స్వేచ్ఛ సరే, పై చదువులు కావాలో వద్దో ఆ పిల్లల్ని ఎవరైనా అడిగారా? ఆ ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు లేదు. పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకోవాలా వద్దా అన్నది యువకుల ఇష్టమే, ఎక్కువమంది తీసుకుంటారు కూడా. అయితే ఎనిమిదో తరగతి చదువుతో, బయట ఒక్క బంధువూ లేకుండా వెళ్లిపోవడం ఎంత కష్టమో తెలిసినప్పుడు, ఉండిపోవడం పూర్తిగా ఇష్టమేనని చెప్పలేం.

ఇక్కడే పాలమూరు గుర్తుకు రావాలి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, దేవరకొండ ప్రాంతాల్లో 'ఎం.బి. చర్చి' బోర్డు చూడనివాళ్లుండరు. అది మెనొనైట్ బ్రదరెన్. జ్యూరిక్‌లో మొదలైన ఆ వేరుకే తెలుగు నేల మీద మొలిచిన కొమ్మ. రష్యా సామ్రాజ్యంలోని మెనొనైట్ ఊళ్ల నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో ఇండియాకు వచ్చి నల్గొండలో పనిచేశారు. అమెరికా నుంచి వచ్చినవాళ్లు 1899 నుంచి నిజాం రాజ్యంలో పని మొదలుపెట్టారు. బడులు, హాస్టళ్లు, జడ్చర్ల ఆస్పత్రి, శంషాబాద్ బైబిల్ కాలేజీ ఆ పరంపరలోవే. నేడు ఈ సంఘాల్లో సభ్యులు లక్షకు పైనే. ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు.

వేరు ఒక్కటే అయినా దారులు ఎంత వేరయ్యాయో చూడండి. లాంకాస్టర్‌లో సొంత పొలం, సొంత షెడ్డు ఉన్న సంఘం పై చదువు వద్దంది. పాలమూరులో ఊరి బడి మెట్టెక్కనివ్వని పిల్లలకు అదే పరంపరవాళ్లు పలక చేతికిచ్చారు. నర్సు ట్రైనింగ్, టీచరు ఉద్యోగం, పట్నం బస్సు, తర్వాత ఫోను, కంప్యూటరు ఈ కుటుంబాలకు వెట్టి నుంచి బయటపడే దారులయ్యాయి. "పాత జీవితమే హాయి" అని వాళ్లెవరూ అనరు. పాత జీవితం ఎలా ఉండేదో వాళ్లకు బాగా తెలుసు. లాంకాస్టర్‌ను చూసి మన చిన్నప్పటి ఊరు అంటున్నప్పుడు, ఆ ఊళ్లో మన ఇల్లు ఏ వైపున ఉండేదో కూడా గుర్తుచేసుకోవాలి.

అనబాప్టిస్టు సంఘాలు 2025లో 500 ఏళ్లు పూర్తిచేసుకున్నాయి. బాప్తిస్మం పొందిన సభ్యుల్లో ఇప్పుడు ఎక్కువమంది ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికావాళ్లే, బగ్గీ ఎక్కేవాళ్లు కొద్దిమంది. అమెరికా వెళ్లి ఆమిష్ ఊళ్లు చూడాలనుకోవడం తప్పేమీ కాదు. వాళ్ల మొహాల మీద కెమెరా పెట్టకుండా, బగ్గీ వెనక హారన్ కొట్టకుండా చూసి రావచ్చు. ఆ ఆసక్తిలో కొంతైనా జడ్చర్ల మీదుగా కర్నూలు వెళ్లేటప్పుడు చూపిస్తే, ఆ ఆస్పత్రిలో పుట్టినవాళ్లు, ఆ హాస్టళ్లలో చదివినవాళ్లు తమ తాతల కథలు చెప్పడానికి అక్కడే ఉన్నారు. మాట్లాడటానికి వాళ్లకు ఏ కట్టుబాటూ అడ్డు లేదు.