కంపార్ట్‌మెంటులో కథానాయకులు

తిరుపతి కొర్లగుంటలో కొత్తగా చేరిన అద్దె ఇంట్లో అట్టపెట్టెలు విప్పి, నాకు ప్రాణమైన నవలల్ని నేల మీద వరసగా పేర్చాను. ముప్పై ఏళ్ళ అభిరుచి, మాటలా? చిత్తూరు నుంచి వచ్చిన అక్క ఆ వరసను తేరిపార చూసి, "ఏమిరా, వీళ్ళలో ఒక్కడన్నా లేసి పనికి పోయినోడు ఉండాడా?" అంది.

సాహిత్య విమర్శ ఇంతకు దిగజారడం మీరూ సహించరని నాకు తెలుసు. అయినా వెతికాను. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి డాక్టరు కదా అన్నాను. "ఆయప్ప దిగులుకు ముందు ఎవురు మందిస్తారు?" అంది. రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య గుమాస్తానే, కాని భయపడటానికే పొద్దు చాలదు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు ఉన్నదంతా పోగొట్టుకుని తత్వంలో పడ్డాడు. నవీన్ 'అంపశయ్య'లో రవికి ఎమ్మే చదువు, పదహారణాల వేదన. ఏటికేడు నా అభిరుచి ఎదుగుతోందనుకున్నాను. అదే మనిషి చొక్కా మార్చుకుని వస్తున్నాడు, అంతే.

ఈ నలుగుర్నీ తిరుమల తీసుకుపోయి వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఒక కంపార్ట్‌మెంటులో కూర్చోబెట్టామనుకోండి. రాత్రి రెండింటికి గేటు తీస్తారు. గోవిందా అంటూ జనం ఒక్క ఉరుకు. మనవాళ్ళు కదలరు. ఇంతకీ చివరకు మిగిలేది ఏమిటని దయానిధి ఆలోచన. ముందు నిలబడటమంటే ఏమిటో తేల్చమని సీతారామారావు శ్రీవారి సేవకుడితో వాదం. తను లేస్తే వెనకాయన ఏమనుకుంటాడోనని సుబ్బయ్యకు చెమటలు. రవికి మాత్రం తొందరే లేదు, అతని నవల మొత్తం జరిగేదే ఒక్క రోజు. "లేసి నడవండప్పా, ఎనకోళ్ళు తోస్తా ఉండారు!" అని సేవకుడి గొంతు పోతుంది. పాలు మాత్రం కూర్చున్న చోటికే వస్తాయి. తెచ్చిచ్చేది ఒక ఆడమనిషి.

తప్పు రచయితలది కాదు. గోపీచంద్ అట్ట మీదే 'అసమర్థుడు' అని అచ్చేసి చెప్పాడు. నేనది బిరుదనుకున్నాను.

వరసలో చివరిది పి.శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'. 1958లో పుస్తకంగా వచ్చింది. మిగతా వాటిలో పేజీకి పది గీతలు గీసినవాణ్ణి, ఇందులో ఒక్కటీ గీయలేదు. ఆఫీసుకు పోయి సంపాదించి, కూర్చుని తినే తండ్రిని పోషించే ఇందిర ఉంది అందులో. ఆమె తన సంగతి తను చూసుకున్న చోట మార్జిన్లో ఒకే మాట రాశాను: 'స్వార్థం'.

ఎవరి కూడు తింటూ రాశాన్రా ఆ మాట? సీతారామారావు ఆస్తి తగలేస్తే జీవితాన్వేషణ, ఇందిర తన బతుకు చూసుకుంటే స్వార్థమా? సిగ్గులేని చదువు! ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో మంచం మీద వెల్లకిలా పడుకుని నేను దయానిధి కోసం కుమిలిపోయిన రెండేళ్ళూ మెస్ బిల్లు కట్టింది అక్క కుట్టు మిషను. సెలవుల్లో ఇంటికొస్తే ఆమె మిషను తొక్కుతుంటే పక్కన కూర్చుని ఈ నవలలే చదివి వినిపించేవాణ్ణి. పెద్ద ఉపకారం చేస్తున్నట్టు! వింటోందనే అనుకున్నాను. నిజంగానే వింది.

ఆ 'స్వార్థం' ఎర్ర పెన్సిలుతో రాసి ఉంది. అక్క జాకెట్ల కొలతలు రాసుకునే పెన్సిలు అది.