పసుపు ముద్దకి దణ్ణం పెట్టే మనకి ప్లాస్టర్ బొమ్మ ఎందుకు?

వినాయక చవితి దగ్గరపడుతుంటే మళ్లీ అదే వాదన. మట్టి విగ్రహం తెచ్చుకోండి అంటే చాలు, "మన పండగలప్పుడే మీకు కాలుష్యం గుర్తొస్తుందా?" అని మీద పడతారు. నేనూ పూజ చేసుకునే మనిషినే. పాలవెల్లి కట్టి, పత్రి తెచ్చి, కథ చదివి, అక్షతలు నెత్తిన వేసుకున్నాకే ఉండ్రాళ్లు ముట్టుకుంటాను. అందుకే గట్టిగా చెబుతున్నా: ఇంట్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ పెట్టడం మన పద్ధతి కానే కాదు.

ఏటా చదివే వ్రతకథలోనే ఉంది కదా, శక్తి కొద్దీ బంగారంతోనో, వెండితోనో, మట్టితోనో విగ్రహం చేసుకోమని. అమ్మవారు ఆ పిల్లాణ్ణి చేసింది నలుగుపిండితో. అంతెందుకు, చవితి రోజున కూడా అసలు విగ్రహం కంటే ముందు మనం పూజించేది పసుపు గణపతిని. తొండం ఉండదు, కిరీటం ఉండదు, కళ్లు కూడా ఉండవు. తమలపాకు మీద పసుపు ముద్ద పెట్టి కుంకుమ బొట్టు పెడితే ఆయనే గణపతి. అదే పీట మీద పక్కనున్న విగ్రహానికి మాత్రం బంగారు రంగూ చమ్కీలూ లేకపోతే కళ లేదంటారు. ఈ మాట నాకు అస్సలు మింగుడుపడదు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ (పీఓపీ) అంటే జిప్సంని వేడి చేసి తీసిన పొడి. నీళ్లు తగిలితే గట్టిపడటమే దాని గుణం. దాన్ని తీసుకెళ్లి నీళ్లలో కలిసిపొమ్మని చెరువులో వేస్తున్నాం! నిమజ్జనం మర్నాడు ఒడ్డుకెళ్లి చూడండి. చెయ్యి ఒకచోట, చెవి ఒకచోట, రంగు కూడా పోకుండా పడుంటాయి. నిన్న హారతి ఇచ్చిన రూపాన్ని జేసీబీతో ఎత్తి లారీలో పోస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ మెరుపు రంగుల్లో చాలావాటిలో సీసం, క్రోమియం లాంటివి కూడా ఉంటాయి, అవి నీళ్లలోకే పోతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే పీఓపీ, థర్మోకోల్ విగ్రహాలు వద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. 2022లో ఖైరతాబాద్ గణపతినే 50 అడుగుల ఎత్తున మట్టితో నిలబెట్టారు. మన ఇంట్లో జానెడు విగ్రహానికి ఏం అడ్డం వచ్చింది?

కొనేటప్పుడు 'ఎకో ఫ్రెండ్లీ' బోర్డు చూసి సరిపెట్టుకోకండి. పీఓపీ బొమ్మకి మట్టి రంగు కొట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు. విగ్రహాన్ని తిరగేసి, అడుగున రంగు లేని చోట తడివేలితో రుద్దండి. పచ్చి మట్టి అయితే వేలికి బురద అంటుకుంటుంది. చేతిలో బరువు కూడా తెలుస్తుంది, ప్లాస్టర్ బొమ్మ లోపల డొల్ల. ఇంకో సంగతి, కాల్చిన మట్టి బొమ్మ కూడా నీళ్లలో కరగదు. అది షోకేసులో పెట్టుకోడానికి బాగుంటుంది, నిమజ్జనానికి కాదు.

మీరే చేసుకుంటానంటే ఇంకా సంతోషం. బంకమట్టిలో రాళ్లూ పుల్లలూ ఏరేసి మెత్తగా పిసకండి. ఆరబెట్టేది నీడనే, ఎండలో పెడితే బీటలు వారుతుంది. కళ్లకి గురివింద గింజలు పెట్టడం పాత అలవాటే, అందంగానూ ఉంటాయి. కానీ ఆ గింజ విషం, పిల్లలు నమిలితే ప్రాణం మీదికొస్తుంది. చంటిపిల్లలున్న ఇంట్లో రెండు మిరియాలు చాలు.

ఇక బకెట్లో నిమజ్జనం చేస్తే దేవుణ్ణి అవమానించినట్టని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఉద్వాసన చెప్పేటప్పుడు "యథాస్థానం ప్రవేశయామి" అని స్వామిని సాగనంపుతాం కదా. ఆ తర్వాత మిగిలేది మట్టి. పూలూ దారాలూ తీసేసి శుభ్రమైన బకెట్లో దించితే పచ్చి మట్టి మెత్తగా విడిపోతుంది. ఆ నీళ్లు ఎవరూ తొక్కని చోట, పెరట్లో చెట్టు మొదట్లో పోయండి. అపార్ట్‌మెంట్ వాళ్లయితే పూలకుండీలో పోసుకోవచ్చు.